చెరిపించుకున్న గొంతు

మా గురువుగారు చెంగల్రాయుడు గారు ఇక లేరన్న వార్త పొద్దున్నే బాగాయంలోని మా స్టూడియోకి వచ్చింది. గుడియాత్తం నుంచి ఆయన అక్కగారు ఫోన్ చేశారు. నిద్రలోనే పోయారట. ఆ రోజే కొత్త భాగం మొదలుపెట్టాలి. ఆయన కుర్చీ అప్పటికే మైకు ముందుకు లాగి పెట్టాను.

టీవీలో పిల్లల యానిమేషన్ ధారావాహికలకు రెండు దశాబ్దాలు దర్శకుడూ నిర్మాతా ఆయనే. ఎందరో తెలుగు పిల్లలు ఆయన బొమ్మలు చూస్తూ అన్నం తిన్నారు. తమిళ బడిలో చదువుకున్న ఆయనకు మాత్రం తెలుగు చదవడం రాదు. తెరమీద తన పేరు ఎక్కడుందో నన్నడిగి, వేలు పెట్టి చూపిస్తే, "బాగుండాదే" అని మురిసిపోయేవారు.

బొమ్మ పెదవులు కదలాలంటే ముందు ఎవరో ఒకరు మాట్లాడి పెట్టాలి, ఆ కొలతకు గీస్తారు. ఆ కొలత గొంతు గురువుగారిదే. రాజూ ఆయనే, ముసలమ్మా ఆయనే, కోడిపుంజూ ఆయనే. ఒకసారి నక్క ఏడవాల్సి వస్తే మమ్మల్నందరినీ బయటికి పంపి, తలుపేసుకుని ఏడ్చి వచ్చి టీ అడిగారు. పెళ్లీ పిల్లలూ లేని ఏకాకి. దేన్ని తలుచుకున్నారో అడిగే ధైర్యం నాకు లేకపోయింది.

నటుల గొంతులు చేరగానే తన గొంతు చెరిపించేసేవారు. శబ్దం పని నాది గనుక చెరిపేదీ నేనే. ఒక్కటైనా ఉంచుదాం సార్ అని ఓసారి నసిగాను.

"ఎందుకమ్మా? ఇల్లు కట్టినాక గోడకానించిన సారవ కట్టెలు పెట్టుకుంటారా?"

అంతా పోయేదాకా పక్కనే నిలబడి చూసేవారు. ఆ నిరాడంబరతకు నేనూ గర్వపడ్డాను. చివరి భాగం ఆయన పోయే ముందు రోజే చెరిపాను.

కర్మాంతరం నాడు గుడియాత్తం వెళ్తే అక్కగారు నన్ను వంటింట్లోకి పిలిచి చేయి పట్టుకున్నారు. తమ్ముడి ఫోటోలైతే ఉన్నాయట. ఫోన్లో ఎప్పుడూ రెండు ముక్కలే మాట్లాడేవాడట, అవీ ఎవరూ దాచుకోలేదట.

"మీ మెషిన్లలో యాడన్నా వాని గొంతు ఉండాదా అమ్మా? కోడి కూసినట్టు కూసింది ఉన్నా చాలు."

లేదక్కా, అంతా చెరిపేసినాను అన్నాను. ఎవరు చెరపమన్నారో చెప్పలేదు. ఆమె మెల్లగా నా చేయి వదిలేశారు.

గురువర్యా, మీ ఆజ్ఞ ఒక్కనాడూ మీరలేదు. అందుకే మీ అక్కకు ఇవ్వడానికి ఇవాళ నా దగ్గర ఏమీ లేదు.