పెద్దమ్మ అటక గోడ

మా పక్కింటి పెద్దమ్మ పోయింది. కిందటి వారం శుక్రవారం పొద్దున్న గోడ అవతలి నుంచి గడియల చప్పుడు వినపడలేదు. మా వరస ఇళ్ళలో ఒక ఇంటికీ ఇంకో ఇంటికీ మధ్య ఉన్నది ఒకటే గోడ. ఆవిడ వీధి తలుపు గడియలు తీస్తుంటే మా వంటింట్లో వినిపించేది. రాత్రి వేసిన గడియలన్నీ పొద్దున్న తీయడానికి ఆవిడకి మా ఇంట్లో టీ కాగేంతసేపు పట్టేది. ఆ రోజు టీ కాగింది, చల్లారింది, చప్పుడు మాత్రం లేదు. పిలిచాను, తలుపు బాదాను. అన్ని గడియలు వేసుకున్న ఇంట్లోకి వెళ్ళడానికి ఒకటే దారి ఉంది. అటక మీదుగా ఆ దారినే వెళ్ళాను. మంచం మీద అటు తిరిగి పడుకుని ఉంది, ఒళ్ళు అప్పటికే చల్లబడిపోయింది. ఏడుపు కన్నా ముందు నాకు బెంగ పుట్టింది, మా అమ్మాయికి ఈ కబురు ఎలా చెప్పాలా అని.

మా ఇళ్ళు ఇంగ్లీషువాళ్ళ కాలంలో కట్టిన ఎర్ర ఇటుకల వరస. వీధి వైపు కమాను కిటికీలు, లోపల టేకు దూలాలు. యాంగోన్‌లో ఇలాంటివి ఇంక ఎక్కువ మిగల్లేదని ఎవరెవరో వచ్చి ఫోటోలు తీసుకుంటారు. వానాకాలం ఈ గోడలకి చెమటలు పట్టే సంగతి ఆ ఫోటోల్లో రాదు. కట్టినవాడెవడో పిసినారి, నడిమి గోడల్ని పైకప్పు దాకా లేపకుండా అటక మట్టానికి ఆపేశాడు. అందుకని ఈ చివరి ఇంటి నుంచి మూలనున్న టీకొట్టు దాకా అటక అంతా రైలుపెట్టెలా ఒకటే. కొన్నేళ్ళ కిందట ఊరి అధికారులు వచ్చి, ఇది రక్షిత కట్టడం, అడగకుండా ఏదీ మార్చకూడదని బోర్డు పెట్టి వెళ్ళారు.

పెద్దమ్మకి ఆ బోర్డంటే భయం. అసలు ఆవిడకి భయం కానిదేమిటో నాకు ఇప్పటికీ తెలీదు. నేను కేలండర్ తగిలించుకుందామని మేకు కొడితే గోడ అవతలి నుంచే కేక వేసేది.

"ఓలే, మేకు కొట్టకే. ఆ గోడ నీదొక్కర్తిదేటి, నాదీ కాదేటి?"

వానలు వెలిసేసరికి ఇటుకల సందుల్లో రావి మొలకలు వచ్చేవి. అవి పెరిగితే గోడ బీటలిస్తుందని భయం, పీకితే పాపమని ఇంకో భయం. స్నానం చేసి, దండం పెట్టి, "సామీ, నన్నేటీ అనుకోకు, గోడ పడిపోద్దని తీస్తన్నాను" అని చెప్పి పీకేది. పీకినదాన్ని పారేయడానికి చేతులు రాక కుండీలో పాతేది. ఆవిడ పెరటి నిండా రావి కుండీలే. ఆ కుండీల మాట ఎత్తి నేను ఎన్నిసార్లు ఏడిపించానో.

ఒకసారి మా వైపు నుంచి అటక మీదుగా ఎవడో దిగి ఆవిడ ఇత్తడి దీపపు సెమ్మె ఎత్తుకుపోయాడు. ఇక ఆవిడకి నిద్ర లేదు. మా అటకకీ ఆవిడ అటకకీ మధ్య గోడ కట్టించేదాకా నన్ను తిననివ్వలేదు. తాపీమేస్త్రీ సిమెంటు తెచ్చాడు. ఈవిడ అడ్డం కూర్చుంది. పాత ఇటుకలకి సిమెంటు పెట్టకూడదని బోర్డు పెట్టినవాళ్ళు చెప్పిన మాట ఆవిడ ఒక్కర్తే గుర్తుపెట్టుకుంది.

"సున్నవే కలుపు బాబూ. రేపాళ్ళొచ్చి అడిగితే నానేటి సెప్పాలి?"

అధికారులు అటకెక్కి చూస్తారా అని వీధి వీధంతా నవ్వింది. నేనూ నవ్వాను. మేస్త్రీ బర్మా భాషలో గొణుక్కుంటూ సున్నం కలిపి, ఎక్కడో కూల్చిన ఇంటి పాత ఇటుకలు తెచ్చి కట్టి వెళ్ళాడు.

తర్వాత రోగం వచ్చింది, అందరం తలుపులు వేసుకున్నాం. అది పూర్తిగా పోకముందే సైన్యం దేశాన్ని చేతిలోకి తీసుకుంది. సాయంత్రాలు ఊరంతా నిరసనగా గిన్నెలు మోగించేవారు. పెద్దమ్మ కిటికీలన్నీ మూసుకుని లోపల గరిటెతో కంచం మీద మెల్లగా తట్టేది. "ఇనబడితే ఏటైపోద్దో, కొట్టకపోతే ఏటనుకుంటారో" అనేది. మా అమ్మాయి అప్పుడు కాలేజీలో చదువుతోంది. తామ్వేలో ఊరేగింపు అంటే తామ్వే, ఇంకోచోట అంటే ఇంకోచోట. ఆపగలిగినంత ఆపాను. "అందరం ఎళ్తన్నాం అమ్మా, నానొక్కర్తినే ఇంట్లో కూకుంటే ఏటి బాగుంటది" అని వెళ్ళేది. అది గుమ్మం దాటిన దగ్గర్నుంచి తిరిగొచ్చేదాకా నా చేతిలో పని సాగేది కాదు.

ఒక మధ్యాహ్నం రొప్పుకుంటూ వచ్చి అటకెక్కేసింది. వెనకే వీధికి రెండు వైపులా లారీలు ఆగాయి. సైనికులు మా వైపు చివర నుంచి ఒక్కో ఇల్లూ సోదా చేసుకుంటూ వస్తున్నారు. అటక మీదుగా టీకొట్టు దాకా పోతే ఆ పక్క సంత జనంలో కలిసిపోవచ్చు. కానీ మధ్యలో పెద్దమ్మ గోడ. నేను పెరట్లోకి వెళ్ళి నిలబడ్డాను. ఆవిడని ఏమని అడగను? సైనికుల పేరు చెబితే వణికే మనిషిని ఇందులోకి ఎలా లాగను? ఆవిడే పిట్టగోడ మీంచి తొంగిచూసింది.

"పిల్లేదీ?"

"అటక మీద."

"అయ్యో, నా గోడ" అంది. అని లోపలికి వెళ్ళిపోయింది. ఇక తలుపు వేసేసుకుందనుకున్నాను. కాసేపటికి తల పైన గోకుతున్న చప్పుడు.

తర్వాత సంగతి మా అమ్మాయి చాలా నెలలకి ఫోన్లో చెప్పింది. అవతలి నుంచి అట్లకాడ కొస కనిపించిందట, దాని వెనకే గాజుల చెయ్యి. ఆ చెయ్యి ఆగకుండా వణుకుతూనే ఉందట, ఇటుకలు లాగడం మాత్రం మానలేదట. "సున్నవే అమ్మీ, ఊడొచ్చేస్తంది, భయపడకు" అందట. అదే సిమెంటు అయ్యుంటే నా పిల్ల ఈ పక్కే ఉండిపోయేది.

పిల్ల కన్నంలోంచి దూరి, మా ట్రంకుపెట్టెని లాగి అడ్డం పెట్టుకుని వెళ్ళిపోయింది. సైనికులు మా అటకెక్కారు, దుమ్ముకి తుమ్ముకుంటూ దిగారు. వాళ్ళు పక్కింటికి వెళ్తుంటే నేను గుమ్మంలో నిలబడ్డాను. పెద్దమ్మ చేతులు మోచేతుల దాకా ఎర్రటి ఇటుక పొడి అయి ఉంటాయని అప్పుడు గుర్తొచ్చింది.

ఆవిడ నడవలో పీట మీద కూర్చుని ఉంది. ముందర ఇంట్లో ఉన్న ఇత్తడి అంతా, బిందెలు, చెంబులు, హారతి పళ్ళెం. పక్కన చింతపండు. చేతిలో ఊడదీసిన ఇటుకల్లో ఒకటి, దాన్ని సగం నూరేసింది. ఇటుక పొడితో తోముతోంది. చేతులెందుకు అలా ఉన్నాయని వాళ్ళు అడగాల్సిన పనే లేకుండా కూర్చుంది. ఒక కుర్ర సైనికుడు, వాళ్ళ భాషలో "అమే", అంటే అమ్మా, అని పిలిచి, ఇన్ని గిన్నెలేమిటి, పండగా అని అడిగాడు. తనకొచ్చిన బర్మాలో, దేవుడి ఇత్తడి నల్లబడితే ఇంటికి మంచిది కాదని చెప్పింది. గొంతు వణికింది. ముసలావిడ గొంతు వణకడం వాళ్ళకి వింత కాలేదు, అటకెక్కకుండానే వెళ్ళిపోయారు. ఆ గిన్నెలన్నీ ముందురోజే తోమినవని నాకొక్కదానికే తెలుసు.

పిల్ల సంత దాటి, దలా రేవు దాటి, ఆ తర్వాత ఎక్కడికో వెళ్ళింది. ఎక్కడో నేను రాయను. ప్రాణాలతో ఉంది, అప్పుడప్పుడు ఫోను చేస్తుంది.

ఆ కన్నం ఎప్పుడు మూయిద్దామని నేనే అడిగాను. భయంతో అడిగాను, మళ్ళీ సోదాకి వస్తే ఏం చెప్పాలని. ఆవిడ ఊడదీసిన ఇటుకల్ని సున్నం గీకి, తుడిచి, అటక మీద దొంతరగా పేర్చి పెట్టింది. "పిల్లొచ్చేక మూసీద్దాం" అంది. అంతలోనే ఇంకో బెంగ, నూరేసిన ఇటుక ఒకటి తక్కువైందని, ఆ పాత కొలత ఇటుక మళ్ళీ ఎక్కడ దొరుకుతుందని. రోజూ సాయంత్రం ముందు తలుపు, వెనక తలుపు, కిటికీలు, అన్నీ గడియలు వేసి, నెత్తిమీద అంత కన్నం పెట్టుకుని పడుకునేది. భయం వెయ్యదా పెద్దమ్మా అని ఒకసారి అడిగేశాను.

"ఎందుకెయ్యదే, వేస్తంది. మూసీస్తే ఇంకా వేస్తది."

చిమిండైంగ్‌లో కొట్టు నడిపే ఆవిడ అక్క కొడుకు వచ్చి కర్మ చేస్తున్నాడు. మంచివాడే. అటకెక్కి చూసి, "అక్కా, ఈ గోడ కట్టించీమంటావేటి?" అని అడిగాడు. ఇటుక ఒకటి తక్కువుంది బాబూ అన్నాను. ఒక్క ఇటుకకేముంది, కొత్తది తెస్తానన్నాడు. ఆ కొలతవి ఇప్పుడు రావని చెప్పి పంపేశాను. అందులో అబద్ధం లేదు.

నిన్న అమ్మాయి ఫోను చేసింది. చెప్పాను. అది ఒకటే అడిగింది.

"కన్నం మూసీసేరేటి?"

"లేదమ్మా."

"ఉంచు."

ఈ రోజు పదోరోజు పనికని ఆవిడ ఇత్తడి తోమడానికి కూర్చున్నాను. తూము పక్కన ఆ సగం ఇటుక అలాగే ఉంది. దాంతోనే తోమాను. పొద్దు వాలాక మా అటకెక్కాను. ఆవిడ పోయిన చోట పెట్టిన దీపం వెలుగు, నేను ఆ పొద్దున్న తీసిన ఆవిడ అటక తలుపులోంచి పైకి వచ్చి, కన్నంలోంచి మా వైపుకి వస్తోంది. భయానికి ఇన్నాళ్ళూ అడ్డంగా ఉంచి, ఆ పొద్దున్న జరిపాక కూడా నేను మళ్ళీ అడ్డం పెట్టిన ట్రంకుపెట్టె అంచు మీద సన్నగా పడుతోంది. పెట్టెని పక్కకి లాగేశాను. వెలుగు మా ఇంటి దూలాల దాకా వచ్చింది.