గాజుగొట్టంతో తగాదా

క్షయ క్రిములతో తగాదా పడనిదే బాబాయ్‌కి పూట గడవదు. ఆసుపత్రి ల్యాబ్‌లో ముప్ఫై ఏళ్లుగా తెమడ పరీక్షలు చేస్తున్న ఈ టెక్నీషియన్‌ను పిల్లా పెద్దా అందరూ బాబాయ్ అనే పిలుస్తారు. మందుకు లొంగని క్రిమి కనబడితే చాలు, రిపోర్టు పట్టుకుని కిటికీ దగ్గర నిలబడి దాని ఏడు తరాలనూ కడిగేస్తాడు.

"మీ తాత ఈ మందు వాసనకే చచ్చేవాడు! జన్యువులో ఒక్క అక్షరం మార్చుకుని నువ్వు మొనగాడివైపోయావా?"

పెద్ద డాక్టరు ఒకసారి మందలించాడు. "అవి మీ మాట వినవు కదా బాబాయ్!"

"మందు మాటా వినడం లేదు సార్. అంతమాత్రాన ఊరుకుంటామా?"

క్షయ వైద్యానికి వచ్చే, బట్టలు కుట్టుకునే ఒక కోడలుపిల్లకు మాత్రం ఈ తిట్లకు నవ్వు రాలేదు. నాలుగు నెలలు ఒక్క పూట తప్పకుండా మాత్రలు మింగింది. ఖాళీ అట్టలన్నీ దారపుండల డబ్బాలో దాచింది. అయినా దగ్గు తగ్గలేదు. "మాత్రలు పారేసి ఉంటుంది, లేకపోతే ఎందుకు తగ్గదు?" అని అత్తగారు వీధంతా చాటింది. ఎంత మింగినా నిందే మిగులుతుంటే ఇంకెందుకని ఆమెకు ఒళ్లు మండింది.

డాక్టరు మందులు మారుస్తానన్నాడు. "కొత్త మందులు నాకొద్దు బాబాయ్," అంది.

"వారం ఆగమ్మా. వచ్చేటప్పుడు మీ అత్తగారినీ తీసుకురా."

వైద్యం మొదలుకాకముందు ఆమె ఇచ్చిన నమూనా ల్యాబ్‌లో దాచి ఉంది. బాబాయ్ దాన్ని వెతికి తీసి మళ్లీ పరీక్ష పెట్టాడు.

వారం తర్వాత కిటికీ అద్దాలు అదిరాయి.

"ఓరి దొంగవెధవా! ఈ పిల్ల మొదటి మాత్ర మింగకముందే వేషం మార్చుకుని కూర్చున్నావా? చేసింది నువ్వు, నింద ఈ పిల్లకా? ఉండు, నీ తలదన్నే మందులు వస్తున్నాయి!"

కిటికీ బయట బెంచీ మీదున్న అత్తగారు ప్రతి ముక్కా వింది. మర్నాడు పొద్దున్నే నీళ్లగ్లాసుతో కోడలి ముందు నిలబడింది.

"మింగవే తల్లీ. దాని అంతు చూద్దాం."

ఆరు నెలల తర్వాత ఆమె తెమడ వేసి ఉంచిన గాజుగొట్టంలో ఒక్క క్రిమీ పెరగలేదు. బాబాయ్ మొహం మాడ్చుకున్నాడు. "తిడదామంటే ఒక్కటీ లేదమ్మా!"

ఆమెకు నవ్వాగలేదు. "క్రిములేమో లోపలి గదిలో. మీరేమో బెంచీ వైపు తిరిగి తిడతారు. ఎందుకు బాబాయ్?"

"వాటికి చెవులెక్కడివే పిచ్చిపిల్లా? మీ అత్తగారికి ఉన్నాయిగా!"

ఆ అత్తగారు బయట బెంచీ మీద, జబ్బుపడ్డ కొడుకును సాధిస్తున్న ఒక తల్లి నోరు మూయించి, క్రిములను ఉతికి ఆరేస్తోంది. అందులో రెండు తిట్లు బాబాయ్‌కి కూడా కొత్తవి.