చెక్క మీద గీసిన మెట్లు

జగదల్‌పూర్‌లో మనవరాలి కోసం డిజిటల్ పియానో చూడడానికి వెళ్ళాను. దుకాణదారు అట్టపెట్టె చించగానే కొత్త ప్లాస్టిక్ వాసన గుప్పుమంది. ఒక పక్క భుజాన వేసుకుని మోసుకుపోయే రకం, ఇంకో పక్క బీరువాలాగా ఉన్నచోట కదలకుండా నిలబడే కన్సోల్ రకం. "ఏది కావాలి మేడమ్‌జీ?" అన్నాడు. రెంటినీ మార్చి మార్చి చూశాను. సరిగ్గా ఈ రెంటి గురించే ఒకప్పుడు వాదించి, ఎస్తేరు టీచర్ మీద గెలిచాను.

అప్పుడు మేం ఇనుపరాయి గనుల టౌన్‌షిప్‌లో ఉండేవాళ్ళం. గుమ్మం తుడిచిన గంటకే మళ్ళీ ఎర్రదుమ్ము. టీచర్‌ది అడవిలో ఉన్న ఎర్రబోరు అనే ఊరు. క్లబ్బులో మా పిల్లలకు కీబోర్డు నేర్పేది. వాళ్ళతోపాటు నన్నూ కూర్చోబెట్టింది. డిగ్రీ చదివి, క్వార్టర్లో పప్పు రుబ్బుకుంటూ, కనబడినవాళ్ళందరితో పోట్లాడే నాకు రోజు మొత్తంలో ఆ గంటే ఊపిరి. "ఏంది సుజాతమ్మా, కీబోర్డు మెట్ల మీద కూడ కొట్లాటేనా? కుడిచెయ్యి మాట్లాడేటప్పుడు ఎడమచేతిని జర విననియ్యి," అనేది. నవ్వేదాన్ని. వినేదాన్ని కాదు.

సెలవు రోజున తన పాత కీబోర్డును దుప్పట్లో చుట్టుకుని, సుక్మా మీదుగా బస్సులు మారి ఎర్రబోరు వెళ్ళి అక్కడి పిల్లలకు నేర్పేది. గేటు పాసు లేనివాళ్ళను టౌన్‌షిప్‌లోకి రానివ్వరు. కాబట్టి వాద్యమే వాళ్ళ దగ్గరికి పోవాలి. ఆ కీబోర్డు పాడైపోయిన రోజుల్లోనే క్లబ్బు పియానో కొనాలని మీటింగు పెట్టింది. "మోస్కపోయేది తీసుకోండ్రి. వారమంత మీ పిల్లలు వాయించుకుంటరు. సెలవునాడు నేను పట్కపోయి మళ్ళ తెస్త," అంది టీచర్.

నేను లేచాను. "యాభై దాటిన మనిషి అంత బరువు బస్సుల్లో మోసి నడుం విరగ్గొట్టుకుంటే పూచీ ఎవరిది?" అన్నాను, ఎంతో జాలి ఉన్నట్టు. అక్కడితో ఆగినా బాగుండేది. "అయినా అడవిలో కచేరీలు పెట్టడానికా మనం కొంటున్నది?" హాలంతా నవ్వింది. టీచరూ నవ్వింది, కొంచెం ఆలస్యంగా. నాకు కావలసిందల్లా వార్షికోత్సవం నాడు మా అమ్మాయి పెద్ద పియానో ముందు కూర్చోవడం, ఒక ఫొటో. కన్సోలే వచ్చింది. ఫొటో అయ్యాక దాని మీద అల్లిన గుడ్డ కప్పారు, గుడ్డ మీద పూలకూజా పెట్టారు.

టీచర్ క్లబ్బు మానేసి ఊరికి వెళ్ళిపోయింది. ఏడాది తర్వాత భద్రాచలం వెళ్తూ ఎర్రబోరులో దిగాను. టీచర్ ఇంటి అరుగు మీద పాఠం జరుగుతోంది. పొడుగాటి చెక్క మీద సున్నంతో తెల్లమెట్లు, బొగ్గుతో నల్లమెట్లు గీసి ఉన్నాయి. పిల్ల వేలు ఎక్కడ పడితే ఆ స్వరం టీచర్ గొంతెత్తి పాడుతోంది. తప్పు వేలు పడితే తప్పు స్వరమే పాడుతోంది, పిల్లలు గొల్లుమంటున్నారు. నన్ను చూసి ఆమె ముఖం వెలిగింది. "మా సుజాతమ్మ. నా దగ్గరనే నేర్చుకుంది. రా అమ్మా, వాయించు."

కూర్చున్నాను. అలవాటుకొద్దీ వేగంగా కొట్టాను. నా వేళ్ళను అందుకోబోయి ఆమె గొంతు దగ్గులో ఆగిపోయింది. "మెల్లగ అక్కా, టీచరుకు ఊపిరాడ్తలేదు," అంది ఒక చిన్నపిల్ల. తప్పయిందని చెప్పడానికి మాట నోటిదాకా వచ్చింది. బస్సు వేళైందని లేచి వచ్చేశాను. తర్వాత ఆమె గురించి తెలిసిందల్లా, చనిపోయిందన్న కబురే.

"ఉఠాకే దేఖియే," ఎత్తి చూడమంటూ దుకాణదారు మోసే రకాన్ని సంచిలో పెట్టి అందించాడు. ఎత్తి భుజానికి తగిలించుకున్నాను. ఇప్పుడు నాకు ఆనాటి టీచర్ వయసు, పైగా మోకాళ్ళ నొప్పులు. దుకాణం ఈ చివరి నుంచి ఆ చివరికి నడిచి, మళ్ళీ వెనక్కి నడిచాను.

"బరువుగా ఉందా మేడమ్‌జీ?"

"లేదు," అన్నాను. "యాభై దాటిన ఆడమనిషి కూడా ఎర్రబోరు దాకా తీసుకుపోవచ్చు."