బండి పొట్ట కింద వరిగడ్డి

ఉద్యోగ విరమణకు మూడేళ్ల ముందు, వానాకాలం వరి కోతలు జోరుమీదున్న నవంబరులో, సూర్యాపేట సంచార పశువైద్య వాహనం బాధ్యత నాకు అప్పగించారు. అప్పటికి నా హోదా సహాయ సంచాలకురాలు. అంటే బల్ల ముందు కూర్చుని కింది డాక్టర్ల నివేదికలు చూడవలసిన మనిషిని. బండికి కేటాయించిన డాక్టరు దీర్ఘకాలిక సెలవు పెట్టడంతో, ఇంకెవరూ దొరక్క నన్నే ఎక్కించారు. నేను సంతోషంగానే ఎక్కాను. బల్ల కంటే బర్రెలంటేనే నాకు మొదటినుంచీ ఇష్టం.

ఆ బండి పొడవాటి పికప్. ముందు రెండు వరుసల సీట్లు, వెనక మంచం కంటే పొడుగైన తొట్టి. తొట్టిలో మందుల పెట్టెలు, నీళ్ల డ్రమ్ము, మోకులు, ఆపరేషన్ సామాను, వీటన్నిటి పక్కన ఒక టేకు చెక్క. ఆ చెక్క ఎందుకో చెప్పాలి. ఈనే సమయంలో ఒక్కోసారి బర్రె గర్భసంచి తడిబట్ట పిండినట్టు మెలిపడుతుంది. దూడ వచ్చే దారి మూసుకుపోతుంది, మందుతో అది తెరుచుకోదు. అప్పుడు బర్రెను మెలి ఏ పక్కకు ఉంటే ఆ పక్కకు పడుకోబెట్టి, పొట్ట మీద చెక్క ఆనిస్తాం. నేలకు తగిలే చివర మీద ఒక మనిషి నిలబడతాడు. మిగతావాళ్లు కాళ్లకు కట్టిన మోకులు లాగి బర్రెను అదే పక్కకు దొర్లిస్తారు. లోపలి దూడను చెక్క కదలకుండా ఆపితే, దాని చుట్టూ తల్లి తిరుగుతుంది, మెలి విడుతుంది. చెక్క పొట్టిదైతే ఈ పని కాదు. చెక్క పొడుగు కాబట్టి బండీ పొడుగుదే కావలసి వచ్చింది.

పొడుగు బండితో పొలంలో ఒక చిక్కుంది. ముందు చక్రాలు గట్టు దిగి, వెనక చక్రాలు ఇంకా ఎక్కకముందే నడిమి పొట్ట గట్టు మీద కూర్చుంటుంది. అక్కడ రాయి ఉండి ఇంజన్ ఆయిల్ నిలిచే సంపు పగిలిందంటే ఇక బండి కదలదు. గట్టును ఏటవాలుగా, ఒక్కో చక్రం విడివిడిగా దాటేట్టు ఎక్కించడం మా డ్రైవరు సైదులుకు బాగా తెలుసు. అతనిది మిర్యాలగూడ. రైస్ మిల్లుల లారీలు నడిపీ నడిపీ మా శాఖకు వచ్చాడు. ఎంత తెలిసినా, ఆత్మకూర్ (ఎస్) వైపు రాతి చెలకల్లో సంపుకు సొట్టలు పడనే పడ్డాయి. అందుకని కోదాడలో ఒక వెల్డింగ్ మేస్త్రి దగ్గర బండి పొట్ట కింద ఇనుప ప్లేటు వేయించాం. ఇంజన్ దగ్గర మొదలై సైలెన్సర్ గొట్టం కిందుగా నడిమి దాకా వచ్చే ప్లేటు. దాని అంచులను మేస్త్రి పళ్లెం అంచుల్లాగా పైకి మడిచాడు.

"అంచు మడిస్తే రాయి లోపలికి పోదండీ మేడమ్ గారూ. ఇక మీరు గుట్టలెక్కినా బండికేమీ అవ్వదు" అన్నాడు. కోదాడ మాటలో ఆంధ్ర గాలి తగులుతుంది. దారంతా సైదులు ఆ 'అండీ'ని అనుకరిస్తూ, నవ్వుకుంటూ నడిపాడు.

ఆ తర్వాత కొన్నాళ్లకే ఒక ఉదయం ఆత్మకూర్ (ఎస్) మండలంలోని ఒక తండా నుంచి ద్వాలి అనే ఆమె ఫోన్ చేసింది. ఆమెకు ఉన్నది ఒకటే బర్రె. ఆ పాలమీదే ఇల్లు నడిచేది. "డాక్టరమ్మా, నిన్న పొద్దుగూకిన సంది నొప్పులు తీస్తున్నది. దుడ్డె వస్తలేదు. జర జల్ది రాండ్రి" అంది. తండా తోవలో వాగు నీళ్లు కిందుగా పోయే మోరీ వానలకు కొట్టుకుపోయిందని, కోసిన మళ్ల మీదుగా రావాలని కూడా ఆమే చెప్పింది.

రోడ్డు దిగేసరికి మంచు కమ్మేసింది. పది అడుగుల అవతల ఏమీ లేదు. గట్లు ఒక్కొక్కటే తెల్లటి మంచులోంచి వచ్చి, చక్రాల కిందికి వెళ్లి, మళ్లీ మంచులో కలిసిపోయేవి. ఎక్కడో కోత మిషన్ మోగుతోంది, ఏ పక్కనో తెలియదు. మనిషి నడక కంటే నెమ్మదిగా పోతున్నాం. కోత మిషన్ వదిలిన వరిగడ్డి వరుసలు, కొయ్యకాళ్లు మా కింద ప్లేటును రాసుకుంటూ పోతుంటే సన్నటి చప్పుడు, పక్క గదిలో ఎవరో తల దువ్వుకుంటున్నట్టు. నాకు కళ్లు మూతలు పడ్డాయి. బండి నేల మీద కాక నీళ్ల మీద పోతోందేమో అనిపించింది. పని మీద పోతూ అంత హాయిగా ఉండడం నాకే కొంచెం సిగ్గనిపించింది.

కాలిన గడ్డి వాసన వచ్చింది. ఆ రోజుల్లో ఆ వాసన రాకపోతేనే ఆశ్చర్యపోవాలి. కోసిన మళ్లలో కొయ్యకాళ్లు తగలబెడుతూనే ఉంటారు. నేను పట్టించుకోలేదు. రెండు గట్లు దాటాక సైదులు కిటికీ అద్దం దించి, తల బయటపెట్టి చూసి, మెల్లగా అన్నాడు.

"మేడమ్, ఈ పొగ మన ఎంబడే వస్తున్నది."

నిద్రమత్తు వదిలింది. మేస్త్రి మడిచిన అంచులు రాళ్లను ఆపినమాట నిజమే. ముందు నుంచి దూరిన గడ్డిని మాత్రం పోనివ్వకుండా పట్టి ఉంచాయి. ప్లేటుకూ వేడెక్కిన సైలెన్సర్‌కూ మధ్య అది దట్టంగా కూరుకుని, రాజుకుంది. ఆపమన్నాను.

"గీడ ఆపితే కిందున్న గడ్డి మొత్తం అంటుకుంటది. గాడ ఊట మడి ఉన్నది, అండ్ల దింపుత. కానీ బండి కూసుంటది మేడమ్" అన్నాడు.

"కూర్చోనీ" అన్నాను.

కాలువ నీళ్లు ఊరే ఆ మడిలోకి బండి దిగి, పొట్ట బురదకు ఆనేదాకా కుంగింది. సైదులు పక్కకు పడుకుని ఇనుప కడ్డీతో గడ్డి లాగుతుంటే నేను డ్రమ్ములోంచి బకెట్లతో నీళ్లు పోశాను. నల్లగా, ముద్దలు ముద్దలుగా గడ్డి బయటికొచ్చింది. మంట ఆరినట్టే కనిపించింది. అయితే ప్లేటు పైన ఏముందో కంటికి కనిపించదు, బోల్టులు విప్పకుండా చేయి దూరదు. ఇంకా నిప్పు ఉందో లేదో చెప్పలేం.

ద్వాలి మంచులోంచి పరుగెత్తుకొచ్చింది. వెనక ఆమె భర్త, తండావాళ్లు ఇంకొందరు. ఆమె కూరుకుపోయిన బండిని చూసింది, తర్వాత నన్ను చూసింది. "బర్రె పండుకున్నది డాక్టరమ్మా. లేస్తలేదు" అంది. ఆ గొంతులో ఏడుపు లేదు, అడగడం కూడా లేదు.

బండి బయటికి రావాలంటే చక్రాల కింద వేయడానికి మా దగ్గర ఉన్నది ఆ చెక్క ఒక్కటే. నేను నోరు తెరిచేలోపే సైదులు దాని కట్లు విప్పాడు. "బండి యాడికి పోతది మేడమ్, చెక్క తీస్కపోండ్రి. పొగ లేస్తే నీళ్లు పోస్త, నేనుంట" అన్నాడు. మగవాళ్లు చెక్కను భుజాలకెత్తుకున్నారు. నేను పెట్టె పట్టుకుని వాళ్ల మడమలు చూస్తూ నడిచాను. కాసేపటికి మడమలు కూడా కనిపించలేదు. నా ముందు గాలిలో ఆ చెక్క ఒక్కటే పోతున్నట్టుండేది.

బర్రె పాకలో మెడ చాపి పడుకుని ఉంది. చేతికి సబ్బునీళ్లు రాసుకుని లోపల పెట్టాను. లోపలి గోడ మడతలు కుడికి తిరిగి ఉన్నాయి. వేలి కొసలు తప్ప ముందుకు పోవు. కుడిపక్కకు పడుకోబెట్టించి, చెక్క ఆనించి, ద్వాలి భర్తను చివర నిలబెట్టి దొర్లించాం. చేయి పెట్టి చూశాను. మార్పు లేదు. మళ్లీ దొర్లించాం. అంతే. ద్వాలి బర్రె తల ఒళ్లో పెట్టుకుని లంబాడీ భాషలో దానితో ఏదో చెబుతూనే ఉంది. మాటలు నాకు అర్థం కాలేదు, బర్రెకు అయ్యాయేమో, కదలకుండా విన్నది.

"బతుకుతదా డాక్టరమ్మా?" అని నన్ను తెలుగులో అడిగింది.

"చేతికి తెలిసినంక చెప్తనమ్మా" అన్నాను. తెలియనిది చెప్పే అలవాటు నాకు లేదు, ఆ ఉదయం మాత్రం ఉంటే బాగుండేదనిపించింది.

మరోసారి దొర్లించాక చేయి పెడితే మడతలు వదులయ్యాయి. మణికట్టు దాటి మోచేయి దాకా వెళ్లింది. చిన్న గిట్ట తగిలింది. వేళ్ల మధ్య నొక్కాను. గిట్ట వెనక్కి గుంజుకుంది. "దుడ్డె ఉన్నది" అన్నాను. నా కళ్లలో నీళ్లు తిరిగాయి, తుడుచుకోవడానికి చేయి ఖాళీ లేదు. తర్వాత పని మామూలే. కాళ్లకు తాడు వేసి, నొప్పి వచ్చినప్పుడల్లా లాగి దూడను బయటికి తీశాం. ద్వాలి దాని ముక్కు తుడిచి, తల్లి ముందు పెట్టింది. తల్లి మెడ ఎత్తి నాకింది.

చెక్కతో తిరిగొచ్చేసరికి మంచు విడిపోయింది. ఎండలో ఆ మడి చాలా చిన్నదిగా, బండి మరీ పొడుగ్గా కనిపించాయి. సైదులు నడుముదాకా బురదతో బకెట్ బోర్లించి కూర్చుని ఉన్నాడు. "దుడ్డె బతికిందా?" అని మొదట అడిగాడు. రెండోసారి లేచిన పొగను ఆర్పిన సంగతి తర్వాత చెప్పాడు. అతను లేకపోతే మేం తిరిగొచ్చేసరికి కాలిన ఇనుము మిగిలేది. చెక్కను వెనక చక్రం కింద వేసి, తండావాళ్లు నెడితే బండి గట్టెక్కింది.

మరునాడే కోదాడ వెళ్లాం. ప్లేటుకు రెండు పక్కలా చేయి పట్టేంత కంతలు కోయమన్నాను. "కంత పెడితే అందులోంచి రాయి తగలొచ్చండీ" అని మేస్త్రి గునిశాడు. రాయి తగిలితే చప్పుడవుతుంది, గడ్డి చప్పుడు చేయదు అన్నాను. అతను గ్యాస్ కట్టర్ వెలిగించాడు.

ఆ తర్వాత నేను రిటైరయ్యేదాకా, మడి దాటిన ప్రతిసారీ సైదులు ఒక పక్కనుంచి, నేను ఇంకో పక్కనుంచి ఆ కంతల్లో చేయి పెట్టి చూసి గానీ ముందుకు పోలేదు. ఆ ఉదయం నేర్పింది ఇంతే. కన్ను చేరని చోట ఏముందో చేయి పెట్టి తెలుసుకోవాలి. చేతికి దారి లేకపోతే ముందు ఆ దారి చేసుకోవాలి. బర్రెకు ఆ దారి పుట్టుకతోనే ఉంది, బండికి మేం కోయించుకోవలసి వచ్చింది.