తార్నాకకు మోసుకెళ్లిన థర్మామీటర్

గరిక చచ్చింది మల్లయ్య వల్లో నా వల్లో తేల్చుకోవడానికి చేసిన ప్రయాణమిది. అరవై ఏడు జనవరి నెలాఖరు. జనగామ దగ్గర ఒక చిన్న ఆసుపత్రిలో నేను కాంపౌండర్‌ని. మా పెద్ద డాక్టరుగారికి వాకిట్లో పచ్చిక పెంచాలని మహా మోజు. వేళ్లు దిగే లోతులో మట్టి వెచ్చబడ్డాకే గరిక నాటాలని ఎక్కడో చదివి, పొడవాటి గాజు థర్మామీటర్ తెప్పించి నా చేతికిచ్చారు. జ్వరాలు చూసేవాడిని నేనే కదా! చూసి, వెచ్చగానే ఉందన్నాను. ఇంకా చలి పోలేదని తోటమాలి మల్లయ్య గొణిగినా వినకుండా నా మాట మీదే నాటించారు. నెల తిరక్కుండా అంతా కుళ్లిపోయింది. నీళ్లు పెట్టడం చేతకాలేదంటూ, మర్నాడు సాయంత్రానికల్లా క్వార్టర్ ఖాళీ చేయమని డాక్టరుగారు మల్లయ్యకు చెప్పేశారు. నాకు ఆ రాత్రి కంటిమీద కునుకు లేదు.

తెల్లవారకముందే సికింద్రాబాద్ ప్యాసింజర్ ఎక్కాను. థర్మామీటర్‌ని తువ్వాలులో చుట్టి ఒళ్లో పెట్టుకుని, ఇది చెడిపోయిందని తేలితే చాలు దేవుడా అని దారిపొడవునా మొక్కుకున్నాను. అక్కడి యూనివర్సిటీ తోటల్లో ఇలాంటిదే వాడతారని విని, తొమ్మిదింటికి దిగి, పదిహేను పైసల టికెట్టుతో తార్నాక బస్సెక్కాను. ఇప్పుడు వెళ్లేవాళ్లు మెట్రోలో తార్నాకలో దిగి, యూనివర్సిటీలోకి నడిచి వెళ్లొచ్చు. అప్పట్లో హబ్సిగూడ వైపు చూస్తే చేలే ఎక్కువ. అరగంట నడిచాను. ఎదురొచ్చిన ప్రతివాడూ నన్నే చూస్తున్నాడనిపించింది.

యూనివర్సిటీ తోటలకు పెద్ద మాలీ యాదగిరి. రేకుల షెడ్డు ముందు కూర్చుని ఛాయ్ తాగుతున్నాడు. వచ్చిన పని చెప్పగానే తన థర్మామీటర్‌నీ నాదాన్నీ పక్కపక్కనే నాలుగు వేళ్ల లోతున గుచ్చాడు. రెండూ ఒకే అంకె చూపించాయి. నాది చెడిపోలేదు. అప్పుడాయన, మీరెట్ల చూస్తరో చూపెట్టుండ్రి అన్నాడు. మట్టిలో గుచ్చి, కాసేపాగి, పైకి తీసి, అలవాటు ప్రకారం ఎండకేసి పట్టుకుని చదివాను. చదువుతుండగానే పాదరసం ఎక్కుతోంది.

"జ్వరం చూసేదైతే నోట్లకెల్లి తీసినంక గూడ అట్లనే నిలుస్తది సారు," అన్నాడు యాదగిరి మెల్లగా. "గిది నిల్వది. మట్టిల ఉండంగనే చదవాలె. మీరు చూసింది ఎండ వేడి."

మల్లయ్య సంగతి చెప్పాను. చల్లటి మట్టిలో గరిక వేరు పట్టదనీ, నీళ్లు పెట్టినకొద్దీ కుళ్లుతుందనీ, శివరాత్రి దాటేదాకా ఆగాల్సిందనీ అన్నాడు. ఛాయ్ తాగి పొమ్మన్నాడు గానీ ఆగకుండా స్టేషన్‌కి బయల్దేరాను.

మధ్యాహ్నం బండిలో భయం ఇంకా పెరిగింది. నా ఉద్యోగం పోతే పెళ్లాం పిల్లల గతేమిటి? ఈ గాజుకడ్డీని కిటికీలోంచి వదిలేస్తే అడిగేవాడెవడు? నిజం చెప్పాలంటే, చెయ్యి బయటపెట్టాను కూడా. ఏ స్టేషన్ దాటామో తెలియదు, చాలాసేపు అలాగే ఉండిపోయాను. చివరికి చెయ్యి లోపలికి తీసుకున్నాను.

ఆసుపత్రి చేరేసరికి అయిదు దాటింది. క్వార్టర్ ముందు ఎడ్లబండిలో మంచం, బిందెలు ఎక్కించేశారు. మల్లయ్య భార్య కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తోంది. డాక్టరుగారి దగ్గరికి వెళ్లి, తప్పు నాదేనని చెప్పాను. సామాను నీ చేతులతోనే దించమన్నారాయన.

మంచం రెండో కొస మల్లయ్య పట్టుకున్నాడు. కోపంగా లేడు.

"నాడు మీరు దాన్ని సూర్యుని దిక్కు వట్టి చూసుడు నేను చూసిన సారు," అన్నాడు. "మట్టి సంగతి సూర్యునికేం ఎరుక అనుకున్న. చెప్తే ఎవరింటరు?"

తర్వాత చాలా ఏళ్లు జ్వరాలు చూశాను, చాలాసార్లు భయపడ్డాను. కానీ ఆ రోజంతా నేను భయపడింది నా ఉద్యోగం గురించే. మల్లయ్య ఇల్లు పోతుందన్నది ఆ తర్వాతే గుర్తొచ్చేది. ఇది ఒప్పుకోవడానికి ఇన్నేళ్లు పట్టింది. మీరు పచ్చిక నాటబోతుంటే ఒక్క మాట: రోజూ పొద్దున ఒకే వేళకు, నాలుగు వేళ్ల లోతున గుచ్చి, కాసేపాగి, మట్టిలో ఉండగానే చదవండి. చదివాక, పక్కన నీళ్లు పెట్టే మనిషిని కూడా అడగండి.