ముందు ఇరుసుకు పెట్టిన వెల్డింగు

పోయిన ఆదివారం మా మనవడు కోయంబత్తూరులో మా ఇంటి ముందు తన కొత్త వ్యాను నిలబెట్టి, ఫోనులో ఏదో బొమ్మ చూపించాడు. నాలుగు చక్రాలూ లాగే వ్యాను అది. సెలవు రోజుల్లో దాన్ని కొండల్లో బురదలోకి తోలి, మళ్ళీ బయటికి లాక్కురావడం వాడి తరానికి విశ్రాంతి. "తాతా, వెనక లాక్ ఉండాది. ముందర డిఫరెన్షియల్‌కు కూడా ఒకటి వేయించేద్దామా? ఫ్రెండ్స్ అంతా వెయ్యమంటాండారు" అన్నాడు. వొద్దన్నాను. "ఏంటికి?" అన్నాడు. ఏంటికో చెప్పడానికి ఒక నిమిషం చాలు. చెప్పకుండా ఉండడానికి మాత్రం నాకు యాభై ఏళ్ళు పైనే పట్టింది.

తెలియనివాళ్ళకు ఒక్క మాట. బండి మలుపు తిరిగేటప్పుడు బయటి చక్రం ఎక్కువ దూరం పోవాలి, లోపలిది తక్కువ. ఆ తేడాను సర్దే పళ్ళచక్రాల పెట్టె, అదే డిఫరెన్షియల్, ఇరుసు మధ్యలో ఉంటుంది. దాని మంచితనంలోనే దాని దోషమూ ఉంది: ఒక చక్రం బురదలో జారితే బలమంతా ఆ జారేదానికే పోతుంది, గట్టినేల మీది చక్రం ఊరికే నిలబడి చూస్తుంది. మా బంధువుల ఆస్తి పంపకాలు చూసినవాళ్ళకు ఇది వింతగా తోచదు. దీనికి మందు ఆ పెట్టెను బిగించేయడం, మనవడు అన్న లాక్ అదే. అప్పుడు రెండు చక్రాలూ ఒకటిగా తిరుగుతాయి, మలుపులో కూడా.

మా పెద్దమామకు మదురైలో నూలు మిల్లు, పెరియకుళం పైన కొండమీద కాఫీతోట ఉండేవి. రెంటికీ మధ్య తిరగడానికి, అరవై అయిదు యుద్ధం అయ్యాక మిలిటరీవాళ్ళు వేలం వేసిన వ్యాను ఒకటి కొన్నాడు. మామ మనుషుల్లో చాలా దోషాలను సహించేవాడు, ముఖ్యంగా తనలోని వాటిని. యంత్రాల్లో మాత్రం ఒక్కటి సహించేవాడు కాదు: జారడం. మిల్లులో బెల్టు జారితే నూలు తెగుతుంది. నూలు తెగితే ఆ షెడ్డు మేస్త్రీ రెండు రోజులు మామ కంట పడేవాడు కాదు. అలాంటి మనిషి, కొత్త వియ్యంకుణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని తోటకు పోతూ, ఒక వానరోజు బురదలో దిగబడ్డాడు. ఒక ముందు చక్రం, ఒక వెనక చక్రం గిర్రున తిరిగి, కిందికి దిగిన ఇద్దరి తెల్ల పంచెలనూ బురదతో సమానంగా గౌరవించాయి.

వ్యాను చూసుకునేది మిల్లు ఫిట్టరు. డ్రైవరూ ఆయనే. రెండు ఉద్యోగాలు, ఒకే జీతం. మాలాగే తెలుగు మాట్లాడే కుటుంబం, చర్చి వెనక వీధిలో ఇల్లు. నాకంటే పదిహేనేళ్ళు పెద్ద. నేను ఆయన్ను 'నువ్వు' అనేవాణ్ణి, ఆయన నన్ను 'మీరు' అనేవాడు. ఇప్పుడు కాగితం మీద 'ఆయన' అంటున్నాను. కొంచెం ఆలస్యమైంది.

మర్నాడు వర్క్‌షాపు ముందు పంచాయితీ. "ఏరా, నాలుగూ లాగుతాయని కదరా కొన్నాను? రెండు ఊరికే తిరగతాంటే ఇంగ రెండు నిద్రపోతాండాయే!" అన్నాడు మామ.

"చక్రాలకు గొలుసు చుడదాం సామీ. గాలి కొంచెం వదిలితే పోతాది. అంతగా కావాలంటే వెనక ఇరుసు బిగించేస్తాను. ముందరిది మాత్రం వొద్దు. అది తిరిగేదానికి ఉండేది. దాన్ని బిగిస్తే బండి మన మాట వినదు" అన్నాడు ఫిట్టరు.

మామ నావైపు తిరిగాడు. "ఏమప్పా కాలేజీ, నువ్వు చెప్పు."

నేను అప్పుడే ఫిజిక్సు పూర్తిచేసి వచ్చినవాణ్ణి. అడగకపోయినా చెప్పే వయసు, అడిగాడు కూడా. "అన్నీ బిగిస్తే జారేదానికి దారే లేదు మామా. పట్టు రెట్టింపు" అన్నాను. ఆ మాటలో తప్పు లేదు. పరీక్షలో అయితే పూర్తి మార్కులు వచ్చేవి.

"వింటివా? బీఎస్సీ చెప్తాండాడు. ముందరా వెనకా రెండింటికీ వెల్డింగు పెట్టు" అన్నాడు మామ.

పెట్టాడు. ఆయుధపూజకు ముందురోజు బండిని మిల్లు ఆవరణలో తోలి చూపించాడు. చిమ్నీని చుట్టి రావడానికి మూడుసార్లు వెనక్కి తీయాల్సి వచ్చింది, టైర్లు కీచుమన్నాయి. "చూడండి సామీ. ముందరి గేరు తీసేసినా ఇది విడిపోదు, లోపల అతికిపోయిండాది. ఒక్కో ముందు చక్రాన్ని లోపలి ఇరుసు కడ్డీతో కలిపే ఆరు బోల్టులు విప్పితే చక్రాలు ఊడవు, వేటికవి విడిగా తిరగతాయి. అరగంట పని" అన్నాడు.

కానీ అప్పటికే పనిముట్లన్నీ కడిగి, చందనం కుంకుమా పెట్టి వరుసగా పూజకు పరిచేశారు. అలా పరిచాక విజయదశమి పొద్దుటిదాకా స్పానరు కదల్చకూడదు. మామ వర్క్‌షాపుకు దిండిగల్ తాళం వేసి, తాళంచెవి మొలలో దోపుకున్నాడు.

"నాకు ఆ పట్టింపు లేదు సామీ. నేను తీసి విప్పి, మళ్ళీ అట్లనే పెట్టేస్తాను" అన్నాడు ఫిట్టరు.

"నీ దేవుడికి పట్టింపు లేదు, సరి. స్పానర్లు ఎవరివిరా?"

నేను పక్కనే ఉన్నాను. అరగంట పని అన్న మాట నాకూ వినబడింది. పండగ పూట మామతో వాదన ఎందుకని ఊరుకున్నాను. అలా ఊరుకోవడాన్ని మా ఇళ్ళలో మర్యాద అంటారు.

పూజనాడు పనిముట్లకు సెలవు. బండికి దండ వేసి, నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టి తొక్కించి, కొండకు బయలుదేరదీశారు, తోటలో కాఫీ మిషనుకు మామ చేత్తోనే హారతి ఇవ్వాలని. నేనూ ఎక్కాను. ఎక్కేటప్పుడు బండి బురదను లెక్కచేయలేదు. ప్రతి మలుపులో వెనక్కీ ముందుకీ తీయడాన్ని మామ డ్రైవరు బద్ధకం కింద రాసుకుని, "చూస్తివారా? జారిందా?" అన్నాడు. ఫిట్టరు తర్వాతి మలుపుకు మళ్ళీ రివర్సు వేశాడు.

దిగేటప్పుడు వాన పట్టుకుంది. నాలుగో మలుపులో ఆయన స్టీరింగు పూర్తిగా కుడికి తిప్పడం పక్కనుంచి చూశాను. చక్రాలు తిరిగాయి. బండి తిరగలేదు, నేరుగా లోయ అంచుకు పోయింది. ఆయన పెనుగులాట మానేసి, అంచునున్న పెద్ద బండరాయికి తనవైపు తగిలేలా తోలాడు. బండి ఆగింది. మామకు మోచెయ్యి గీసుకుంది. నాకు అదీ లేదు. ఆయనకు కుడికాలు మోకాలి పైదాకా తీసేశారు.

మిల్లుకు ఒక ఇంగ్లీషు రిపోర్టు కావలసి వచ్చింది. ఇంగ్లీషు బాగా వచ్చినవాణ్ణి నేనే. మలుపును సకాలంలో అంచనా వేయడంలో డ్రైవరు విఫలమయ్యాడని రాశాను. వెల్డింగు సంగతి ఎవరూ అడగలేదు కనుక చెప్పలేదు. మామ దయతలచి ఆయన్ను గేటు దగ్గర స్టూలు మీద కూర్చోబెట్టాడు. నేను లోపలికి పోయినప్పుడల్లా ఊతకర్ర పట్టుకుని లేచేవాడు. లేవొద్దని ఒకసారి అన్నాను. రెండోసారి అనలేదు.

కొన్ని నెలలకు, బాగుచేయించిన బండి గేటు దాటుతుంటే ఆయన నన్ను పిలిచాడు. "చిన్న సామీ, ఆ బోల్టులు విప్పినారా? ఇప్పుడు ఇంగొకడు తోలతాండాడే."

"విప్పేశారు" అన్నాను. నాకు తెలియదు.

ఆ సాయంత్రం షెడ్డులోకి పోయి చూశాను. బోల్టుల మీద పాత గ్రీజు, కుంకుమ చుక్క అలాగే ఉన్నాయి. స్పానరు తీసుకుని పన్నెండూ నేనే విప్పాను. పని రానివాణ్ణి, చేతులు రెండుచోట్ల చెక్కుకుపోయాయి. అయినా ఆయన చెప్పిన అరగంట పట్టలేదు. ఇరవై నిమిషాలు.

"ముందర వొద్దని నీకు ఎవరు చెప్పినారు తాతా? ఇంజనీరా?" అని మనవడు అడిగాడు. అవునన్నాను. కాలం గడిచేకొద్దీ అన్నీ చిన్నవైపోతాయని నా వయసువాళ్ళు చెబుతుంటారు. నాకు మాత్రం ఆ ఇరవై నిమిషాలు ఏటికేడాది పొడుగవుతూనే ఉన్నాయి.