నా చేత్తో తుడిచేసిన తొమ్మిదో షరతు

2022, ఫిబ్రవరి నెలాఖరు. చింతపండు దిగే రోజులు. అప్పటికి నేను దక్షిణ బస్తర్‌లోని ఒక చిన్న పట్టణంలో, నగర పంచాయతీ ఆఫీసులో, రెవెన్యూ గుమస్తాగా పనిచేస్తున్నాను. ఊరి పేరు రాయను. రాస్తే ఇందులోని సాంబయ్య సేఠ్ గారు మర్నాడే ఆఫీసుకు వచ్చి నా ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుంటారు.

నేను దుకాణాల వాళ్ల ఇంటి పిల్లను. మా నాన్నది భోపాలపట్నంలో కిరాణా. బేరమాడకుండా కొత్తిమీర కట్ట కూడా కొనను. ఆ తెలివి చూసే నన్ను రెవెన్యూ విభాగంలో వేశారని చాలాకాలం గర్వపడ్డాను. ఆ కుర్చీలో కూర్చోవడానికి ఇంకెవరూ ఒప్పుకోలేదని తర్వాత తెలిసింది.

మా పని గురించి రెండు మాటలు చెప్పాలి. బస్టాండు పక్కనున్న దుకాణాల వరస నగర పంచాయతీ సొంతం. దుకాణదారుకు మేమిచ్చేది లీజు. గోడలు మావి, వాడుకునే హక్కు వాళ్లది. ఆ హక్కుకు కొన్ని షరతులుంటాయి, ఇంగ్లిషులో కవెనెంట్ అంటారు. ఇంకొకరికి అద్దెకివ్వకూడదు, గోడ పగలగొట్టకూడదు, చెప్పిన వ్యాపారమే చెయ్యాలి, ఇలాంటివి. తప్పితే లీజు రద్దు చేసే అధికారం మాకుంది. ఆ అధికారం మాకుందన్న సంగతి మాకంటే దుకాణదార్లకే బాగా తెలుసు.

ఆ నెలలో సాంబయ్య గారు ఒక దరఖాస్తు పెట్టారు. తన దుకాణం ముందున్న వరండా అంచుకు షట్టర్ బిగించుకోవడానికి అనుమతి కావాలి. ఆయన తండ్రి కాలంలో అక్కడ ఉప్పు, నూనె అమ్మి, చింతపండు, ఇప్పపువ్వు కొనేవారు. ఇప్పుడాయన కూలర్లు, ఫ్యాన్లు, ప్లాస్టిక్ కుర్చీలు అమ్ముతున్నారు. కూలర్లు చింతపండులా గోనెల్లో ఒదగవు కదా, చోటు చాలడం లేదు.

దరఖాస్తు నా బల్ల మీదికి వచ్చిన రెండో రోజే బుచ్చమ్మ వచ్చింది. రోడ్డుకు పైనున్న పల్లె నుంచి మంగళవారం సంతకు చింతపండు, చీపుర్లు మోసుకొచ్చి ఆ వరండాలో కూర్చునే ఏడెనిమిది మంది ఆడవాళ్లలో ఆమె పెద్దది. కుర్చీ చూపిస్తే కూర్చోలేదు.

"బిడ్డా, ఆ తలుపు పెడ్తే మేమేడ కూసోవాలె? జీపుల నడుమనా?"

"ఇంకా పెట్టలేదవ్వా. ముందు కాగితం చూడాలి."

"కాగితం నువ్వు చూడు. ఎండ మేం చూస్తం," అని వెళ్లిపోయింది.

కాగితం చూశాను. చివరి రెన్యువల్‌లో, అంటే గడువు ముగిశాక లీజును మళ్లీ పొడిగించిన పత్రంలో, కింద ఒకే వాక్యం ఉంది: మిగతా షరతులన్నీ పూర్వం మాదిరిగానే. పూర్వం ఏమిటని దాని ముందు రెన్యువల్ తీశాను. అందులోనూ పూర్వం మాదిరిగానే. దాని ముందుదీ అంతే. మెట్లు దిగుతూ పోతే అడుగున అసలు లీజు ఉండాలి. ఉండాల్సిన చోట అట్ట ఉంది, అట్ట మధ్యలో చెదలు తిన్న పొడి ఉంది. ఆ పొడి మీద ముగ్గురు గుమస్తాలు ఇన్నేళ్లుగా "పూర్వం మాదిరిగానే" అని సంతకాలు చేశారు. మూడో గుమస్తాను నేనే.

వరసలో మరో ఇద్దరు దుకాణదార్ల అసలు పత్రాలు చూశాను. మొదటి ఎనిమిది షరతులు అందరికీ ఒకటే, అచ్చువేసినవి, వ్యాపారం పేరు ఒక్కటే మారుతుంది. తొమ్మిదోది మాత్రం ఏ దుకాణానికి ఆ దుకాణంగా సిరాతో రాసింది. ఒకరికి మురుగు కాలువ మూయకూడదని, ఒకరికి పొయ్యి వెలిగించకూడదని. సాంబయ్య గారికి ఏం రాశారో ఆయన దగ్గరున్న ప్రతిలోనే తెలియాలి.

"ఉన్నది బిడ్డా, ఎందుకు లేదు," అన్నారాయన టీ తెప్పిస్తూ. "పూజ మూటల ఉన్నది. దీపావళి దాక ముడి విప్పరాదు."

మాలాంటి ఇళ్లలో ఇది మామూలే. దీపావళికి చిట్టా పుస్తకాలతో పాటు దుకాణం కాగితాన్నీ పూజలో పెడతారు. దాని మీద కుంకుమతో స్వస్తిక గుర్తు వేసి, పసుపు చల్లి, ఎర్రగుడ్డలో కడతారు. బేరంలో ఆ ముడి ఎంత పనికొస్తుందో కూడా నాకు తెలుసు.

"మా నాన్న కూడా సేల్స్ టాక్స్ ఇన్‌స్పెక్టర్ వస్తే ఇదే మాటనేవాడు బాబాయ్."

"మల్ల ఎప్పుడు విప్పేటోడు?"

"ఇన్‌స్పెక్టర్ కొబ్బరికాయ తెచ్చిన రోజు."

ఆయన నవ్వారు. మర్నాడు కొబ్బరికాయ పట్టుకెళ్లాను. ఊపి చూసి, "నీళ్లు లేవు బిడ్డా, బేరమాడి తెచ్చినవా?" అన్నారు. ఆడాను. కాయ కొట్టి, దండం పెట్టి, మూట విప్పారు.

కాగితం దొరికింది. ఏటేటా ఒకే చోట స్వస్తిక గుర్తు వేసుకుంటూ వచ్చారు, కింద కాస్త ఖాళీగా కనబడిన చోట. ఆ ఖాళీ పక్కనే తొమ్మిదో షరతు. అంకె కనిపిస్తోంది. దాని వెనక కుంకుమ రొట్టెలా గట్టిపడి ఉంది.

ఇక్కడ నా తెలివి పనిచేసింది. చిన్నప్పుడు పండగ మర్నాడు చిట్టాల మీద ఎక్కువైన పసుపు తుడిచే పని నాదే. దూది తెప్పించి, నీళ్లలో ముంచి, గట్టిగా పిండి, మెల్లగా అద్దాను. పసుపు వచ్చింది. కుంకుమ కరిగింది. కింద నీలం కనబడింది. ఒక మాట తేటగా తేలింది. హిందీలో, బరామదా. వరండా!

"వచ్చింది బాబాయ్!" అని అరిచి, ఆ ఉత్సాహంలో ఇంకోసారి తుడిచాను.

చిట్టాలు మా నాన్న బాల్ పెన్నుతో రాసేవాడన్న సంగతి అప్పుడు గుర్తుకొచ్చింది. ఇది కలం సిరా. నీలం, ఎరుపు కలిసి ఊదా రంగు మడుగైంది. వరండా కూడా అందులో మునిగింది. వరండా ఖాళీగా వదలాలన్నారో, మీరే వాడుకోండన్నారో, మెట్టు కడగమన్నారో, భగవంతుడికే ఎరుక.

"మీరు చూశారా బాబాయ్, ఏం రాసుందో?"

"నాకు కండ్లజోడు లేదు కద మేడం." కళ్లజోడు నుదుటి మీదుంది. మొదటిసారి నన్ను మేడం అన్నారు. బేరం ఎటు మొగ్గిందో ఆ ఒక్క పిలుపుతో అర్థమైంది. "నా పానం లెక్క దాచుకున్న కాగితం. మీరే తుడిచిన్రు."

ఆఫీసుకొచ్చి నోట్‌షీట్ రాశాను. నోట్‌షీట్ అంటే ఫైలులో కింది వాళ్లు విషయం రాసి, పై వాళ్లు నిర్ణయం రాసే పచ్చ కాగితం. "పత్రం తడిసినందున తొమ్మిదో షరతు చదవడానికి వీలుకాలేదు" అని రాశాను. ఎవరు తడిపారో రాయలేదు. మా సీఎంఓ, అంటే నగర పంచాయతీ ముఖ్యాధికారి, రాయ్‌పూర్ వైపు మనిషి. చదివి తలెత్తారు.

"ఎండాకాలంలో కాగితం ఎలా తడిసింది?" అన్నారు హిందీలో.

చెప్పాను. ఆయన నోట్‌షీట్ నా వైపు జరిపారు. "దేఖియే మేడం, లేని షరతును నేను అమలు చెయ్యలేను. ఉన్న షరతును లేదనలేను. ఏం చెయ్యాలో మీరే చెప్పండి."

మంగళవారం పంచనామాకు వెళ్లాను. అంటే చోటు చూసి, అక్కడి ఐదుగురి మాట రాసుకుని సంతకాలు తీసుకోవడం. ఐదుగురూ ఐదు చెప్పారు. వరండా సేఠ్‌ది అన్నాడొకడు. బస్సు ప్రయాణికులది అన్నాడొకడు. పంచాయతీది అన్నాడు మరొకడు. ఇంకొకడు నన్నే అడిగాడు. బుచ్చమ్మ మాత్రం చింతపండు గింజలు తీస్తూ, "మా అమ్మ గిక్కడ్నే కూసునేది. ఎవలూ అడగలే," అంది.

"మరి ఎవరైనా కూర్చోమని చెప్పారా అవ్వా?"

"కూసునెటందుకు ఒకలు చెప్పాల్నా?"

రాసుకోవడానికి ఏమీ లేని జవాబు. కలం మూసి తలెత్తితే ఎదురుగా కూలర్లు. వరసగా ఆరు. కాగితంలో నాలుగో షరతు అచ్చులో, తడి తగలకుండా, చక్కగా ఉంది: కిరాణా, అటవీ ఉత్పత్తుల వ్యాపారం మాత్రమే.

దుకాణం లోపలికి వెళ్లాను. "బాబాయ్, ఈ కూలర్లు చెట్టుకు కాసినవా?"

ఆయనకు క్షణంలో అర్థమైంది. దుకాణం మనిషి కదా. "కూసో బిడ్డా," అన్నారు. మళ్లీ బిడ్డనయ్యాను. "తొమ్మిదోది నువ్వు తుడిచినవ్. నాలుగోది నేను మరిచిన. చెల్లుకు చెల్లు అనుకుంటే?"

"చెల్లు కాదు. మీరు వ్యాపారం మార్పుకు దరఖాస్తు పెట్టండి, నేను సాయం చేస్తాను. షట్టర్ దరఖాస్తు వాపసు తీసుకోండి. తొమ్మిదోది కొత్తగా రాద్దాం."

గంటసేపు బేరమాడుకున్నాం. రెండు టీలు, ఒక మిర్చిబజ్జీ. చివరకు తేలింది: ప్రతి మంగళవారం పొద్దు పొడిచింది మొదలు పొద్దు గుంకే దాకా వరండా పల్లెల నుంచి వచ్చి అమ్ముకునే వారికి వదలాలి, షట్టర్ పెట్టకూడదు. మూడేళ్లకోసారి రెన్యువల్, ఈసారి "పూర్వం మాదిరిగానే" అన్న మాటే లేదు. కౌన్సిల్ ఒప్పుకుంది, సీఎంఓ సంతకం చేశారు. కొత్త పత్రాన్ని వరండాలో నిలబడి చదివి వినిపించాను. ఆడవాళ్లు వింటూ చింతపండు తూచుకున్నారు. నాకైతే ఆ సాయంత్రం కాస్త ఛాతీ ఉబ్బింది. తుడిచిన చేత్తోనే తిరిగి రాశాను కదా.

మూడు వారాల తర్వాత, ఒక శుక్రవారం, బుచ్చమ్మ నెత్తిన మూటతోనే ఆఫీసుకు వచ్చింది. ఈసారి మూట దించి కుర్చీలో కూర్చుంది.

"సేఠు లేవమంటున్నడు. మంగళారమే అంట. గా దినం కూడ పొద్దు మునగంగనె లెవ్వాల్నంట. నువ్వు రాసినవంట."

"రాశానవ్వా. మంగళవారం మీ సంత కదా?"

"సంత మంగళారమే. చింతపండు రోజూ రాలుతది కద బిడ్డా."

"అంతకుముందు ఏ రోజుల్లో కూర్చునేవాళ్లు?"

"వచ్చిన దినం."

"ఎంతసేపు?"

"అమ్ముడువొయ్యేదాంక. లేకుంటె ఆఖరి జీపు దాంక."

నేను పంచనామాకు వెళ్లింది మంగళవారం. చిన్నప్పుడు మా నాన్న గల్లా పక్క నుంచి పల్లెవాళ్లను చూసిందీ సంత రోజే. దుకాణంలో పెరిగిన వాళ్లకు పల్లె మనిషి సంతనాడే ఉంటుంది, మిగతా ఆరు రోజులు ఉండదు. ఆ లెక్కతోనే షరతు రాశాను. వాళ్లకు చోటు కాపాడబోయి ఏడు రోజుల చోటును ఒక్క రోజుకు కుదించి, దాని మీద నగర పంచాయతీ ముద్ర వేయించాను.

సాంబయ్య గారిని అడిగితే ఆశ్చర్యపోయారు. "నేను తప్పిన్నా మేడం? మీరు రాసిన కాగితంల ఒక్క అక్షరం దాటలే." నిజమే. అంత నిఖార్సుగా షరతు పాటించిన లీజుదారును నా ఉద్యోగంలో చూడలేదు.

సవరణ కోసం మళ్లీ నోట్‌షీట్ పెట్టాను. సీఎంఓ పిలిచారు. "మొదట షరతు కనబడలేదన్నారు. తర్వాత మీరే రాశారు. ఇప్పుడు మీరు రాసింది తప్పంటున్నారు. అసలు మొదట ఏముందో చెప్పగలిగేవాళ్లు ఒక్కరున్నారా?" లేరు. ఆయన "పరిశీలించండి" అని రాశారు. ఎవరు, ఏమిటి పరిశీలించాలో రాయలేదు. ఆ ఫైలు ఇప్పటికీ నా దగ్గరే ఉంది. ఇప్పటికీ ఆలోచిస్తే తికమకగానే ఉంటుంది. ఏమీ రాయకుండా వదిలేస్తే షట్టర్ వచ్చేదా? లేక బుచ్చమ్మ వాళ్లు ఎప్పటిలా కూర్చునేవాళ్లా? నాకు తెలియదు.

ఆ కేసు తర్వాత రెండు అలవాట్లు వచ్చాయి. ఏ రెన్యువల్‌లోనూ "పూర్వం మాదిరిగానే" అని రాయను, ఎన్ని పేజీలైనా మొత్తం రాస్తాను. రాసే ముందు ఆ చోటికి వారంలో ఏడు రోజులూ వెళ్లి చూస్తాను. కాగితంలో లేని హక్కును కాగితంలోకి ఎక్కించేటప్పుడు, ఎంత ఎక్కిస్తున్నామో దానికంటే ఎంత బయట వదిలేస్తున్నామో చూడాలని నాకు బుచ్చమ్మే నేర్పింది, అదీ తిట్టకుండా.

ఒక శుక్రవారం అటు వెళ్తే బుచ్చమ్మ కనిపించింది. వరండాలో కాదు. వరండా కింద, రోడ్డుకు పైన, వెడల్పాటి మెట్టు ఒకటుంది, దాని మీద. రేకుల నీడ మధ్యాహ్నం దాకా అక్కడ పడుతుంది. చింతపండు కుప్ప పోసుకుని, కాళ్లు రోడ్డు మీద పెట్టుకుని కూర్చుంది. నన్ను చూసి సాంబయ్య గారు బయటికొచ్చారు.

"గీ మెట్టు సంగతేంది మేడం? ఇది వరండలకొస్తదా, సడక్ లకొస్తదా? మీరు రాసిన దాంట్ల లేదు."

ఫైలులో దుకాణం నక్షా ఉంది, లీజు ఎక్కడిదాకానో గీత గీసిన పటం. తీసి చూస్తే ఒక్క నిమిషంలో తేలుతుంది. బుచ్చమ్మ చేతులాపి నా మొహం చూస్తోంది.

"చూసి చెప్తాను బాబాయ్," అన్నాను.

ఎప్పుడు కనబడినా ఆయన అడుగుతారు. నేను అదే జవాబు చెప్తాను. నక్షా మాత్రం ఇప్పటిదాకా తియ్యలేదు.